నత్తమడి నాటిన పూట

ముక్కున్నంతకాలం పడిశం తప్పదంటారు పెద్దలు. పడిశం పోయాక కూడా ముక్కు తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఏ పెద్దా చెప్పి పోలేదు. వంటక్కకు ఏడు నెలల కిందట జ్వరం వచ్చింది, జలుబు వచ్చింది, పది రోజులకు రెండూ తగ్గాయి. తగ్గుతూ తగ్గుతూ వాసనను వెంటబెట్టుకుపోయాయి. ఆస్పత్రి వంటగదిలో ఇరవై రెండేళ్లుగా పెద్దవంట చేస్తున్న మనిషి ఆమె. నూట ఇరవై మంచాలకు మూడు పూటలా తిండి ఆమె చేతి మీదుగానే వెళుతుంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వాసన తెలియని వంటమనిషిని పొయ్యి దగ్గర ఎవరుంచుకుంటారు? కూరగాయలు తరిగే బల్ల దగ్గరకు పంపేస్తారు. తరగడం తక్కువ పనేమీ కాదు, ఆమె చేరిందే ఆ బల్ల దగ్గర. కానీ ఇప్పుడు ఆ వంటగదిలో ఆమె ఊఁ అంటే తప్ప గిన్నె పొయ్యి దిగదు. ఆ ఊఁ అనే నోరు తనది కాకుండా పోయాక ఇంక తనకంటూ ఏం మిగులుతుందో ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు. అందుకని దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఊరుకుంది.

ఊరుకోవడం సులువా అంటే, అదే అన్నిటికన్నా పెద్ద చాకిరీ. గడియారం చూసి వండేది. ఉల్లిపాయ రంగు చూసి, మరుగుతున్న చప్పుడు విని దించేది. ఉప్పు, పులుపు, తీపి నాలుకకు తెలుస్తాయి, దేవుడు అంతవరకు దయతలిచాడు. తక్కినదంతా నానిన అట్టముక్క నమిలినట్టే. అయినా అందరి ముందూ మూత తీసి, కళ్లు మూసుకుని, గుండెనిండా ఊపిరి పీల్చి, “ఇంకో రెండు నిమిషాలు” అనేది. రెండు నిమిషాలే ఎందుకంటే, ఏదో ఒకటి అనాలి కదా. సాయంత్రం ఇంటికి చేరేసరికి వండినందుకు కాదు, వండుతున్నట్టు నటించినందుకు ఒళ్లు హూనమయ్యేది. చెప్పులు విప్పడానికి వంగితే మళ్లీ లేవబుద్ధి అయ్యేది కాదు.

ఈ నడుమ గోరుచుట్టు మీద రోకటిపోటులా నత్తమడి వచ్చిపడింది.

అది డైట్ మేడమ్ ఆలోచన. ఆవిడ రెండో అంతస్తులో కూర్చుని ఏ రోగికి ఏం పెట్టాలో రాస్తుంది. వయసు చిన్నదే, కళ్ల కింద నలుపు మాత్రం పెద్దవాళ్లది. ఉప్పు తగ్గించిన రోగులు పళ్లేలు పళ్లేలుగా తిండి వదిలేస్తున్నారని, ఉప్పు లేని లోటు తీరాలంటే కాస్త ఘాటైన ఆకులు పడాలని, ఆ ఆకులేవో వంటగది వెనకే పెంచుకుంటే పోలా అని ఆవిడకు తోచింది. చోటు చూస్తే గ్యాసు బండల గూటికీ కాలవకీ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో అన్ని మొక్కలు పట్టాలంటే మడి పైకి తిరగాలి. మేస్త్రి వచ్చి, పాత ఇటుకలు ఏరి, నడుమ ఎత్తుగా మొదలుపెట్టి చుట్టు తిప్పుకుంటూ కిందికి దించాడు. చూడటానికి అచ్చం నత్తగుల్ల. పేరు కూడా అదే పడింది.

“పైన ఎండిపోతుంది, కింద నీళ్లు చేరతాయి,” అని మేస్త్రి అందరికీ పాఠం చెప్పాడు. నడుమ ఇటుక ముక్కలు, గులకరాళ్లు నింపి పైన ఇసుక కలిపిన మట్టి వేశాడు. కిందికొచ్చేకొద్దీ ఎరువు పాలు పెంచాడు. “నీళ్లు పడని మొక్కలు నెత్తి మీద. నీళ్లు తాగే మొక్కలు తోక దగ్గర. అటుది ఇటు పెట్టారో, ఒకటి ఎండి చస్తుంది, ఒకటి కుళ్లి చస్తుంది. తర్వాత మేస్త్రి సరిగ్గా కట్టలేదనకండి.”

మధ్యాహ్నం భోజనాల ట్రాలీలు తిరిగొచ్చి, గిన్నెలు తొట్టిలో పడి, వంటక్క కాళ్లు ఎక్కడైనా కూలబడదామని చూస్తున్న వేళకు నర్సరీ బండి వచ్చింది. నలభై ఎనిమిది చిన్న ప్లాస్టిక్ కప్పులు, ఒక్కోదాంట్లో వేలెడు మొక్క, పక్కన ఐస్‌క్రీమ్ పుల్ల మీద పేరు. పేర్లంటే పేర్లుండాల్సిన చోటని అర్థం. దారిలో వాడిపోకుండా బండివాడు నీళ్లు చల్లుకుంటూ వచ్చాడు, సిరా అంతా కారి పుల్లలన్నీ నీలంగా తయారయ్యాయి.

“ఇప్పుడెలాగయ్యా? ఏది ఏదో ఎలా తెలియాలి?” అంది వంటక్క.

“ఆకు నలిపి వాసన చూస్తే చాలమ్మా, చంటిపిల్ల కూడా చెబుతుంది,” అని బండివాడు రసీదు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

“మా అక్క ఉండగా పుల్లలెందుకు? ఆ ముక్కు ముందు ఏ పుల్లా పనికిరాదు!” అంది వసపిట్ట.

వసపిట్ట వంటక్కకు తోడికోడలు. మరిది పెళ్లాం. అసలు పేరు ఆస్పత్రి రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడదు, నోరు మూతపడటం ఎవరూ ఎరగరు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. తోడికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్లు పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో రెండు వాటాల్లో కాపురముంటూ, ఒకే బస్సులో పనికొస్తూ, పేచీ పడ్డా పొద్దుగూకేలోపు కలిసిపోయేవాళ్లు. వసపిట్టను ఈ పనిలో పెట్టించింది వంటక్కే. తరగడం దగ్గర్నుంచి తాలింపు దాకా నేర్పిందీ ఆమే. అక్క మాట వసపిట్టకు వేదం.

వేదమని ఊరికే అనలేదు. వంటక్క ముక్కు గురించి ఆ ఆస్పత్రిలో కథలు నడిచేవి. మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి, కింద పాలు అడుగంటుతున్నాయే అని అరిచిందట. మూసి ఉన్న సంచీ పక్కగా నడిచిపోతూ అందులో ఒక్క బంగాళాదుంప కుళ్లిందని చెప్పిందట. ఆ కథల్లో సగం నిజం, సగం వసపిట్ట.

“నాకు కాళ్లు పీకుతున్నాయే. రేపు చూద్దాం,” అంది వంటక్క.

“రేపటికి సగం చస్తాయి. నువ్వు కూర్చునే చెప్పక్కా, మేం నాటుతాం,” అంటూ వసపిట్ట కూరగాయల డబ్బా ఒకటి బోర్లించి వేసింది. ట్రాలీ తోసే ముసలాయన, ఆయన్ను అందరూ బాబాయ్ అంటారు, కాళ్లకు అడ్డంపడే నీళ్ల గొట్టం తీసి పక్కన పెట్టి మగ్గు పట్టుకున్నాడు. మేస్త్రి తాపీ అందుకున్నాడు. ముగ్గురూ పెళ్లికొచ్చినవాళ్లలా హుషారుగా ఉన్నారు. వంటక్క లోపలికి వెళ్లి, సాయంత్రం సూపు పొయ్యి మీదకెక్కించి, మంట సన్నగా పెట్టి, తప్పక వచ్చి డబ్బా మీద కూర్చుంది.

కొన్ని సులువుగానే తేలాయి. రోజ్‌మేరీ ఆకు సూదిలా ఉంటుంది, దానికి కళ్లు చాలు. అది నత్త నెత్తిన ఎక్కింది. పుదీనాను గుడ్డివాడైనా తడిమి చెబుతాడు. పుదీనాకు చోటిస్తే ఊరంతా నాదేనంటుంది కాబట్టి, దాన్ని బొక్కలు పొడిచిన బక్కెట్లో పెట్టి ఆ బక్కెట్‌ను తోక దగ్గర పాతేశారు. ఉల్లికాడలు, తులసి, మందంగా ఉండే వాము ఆకు, అన్నీ చూపుతోనే పలికాయి. ప్రతిదాన్నీ వంటక్క నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవడం మాత్రం మానలేదు. నటన ఒక్కచోట మానితే అంతా బయటపడుతుందని దొంగకు తెలియదా?

తర్వాత వచ్చాయి అసలువి. కొత్తిమీర, దాని సీమ చుట్టాలు పార్స్‌లీ, సెలరీ. కట్టలుగా వచ్చినప్పుడు ఎవరైనా చెబుతారు. వేలెడు మొక్కలప్పుడు మూడూ ఒక తల్లి పిల్లలు. అదే ఆకు, అదే రంపపు అంచు, అదే లేత కాడ. వాసన ఒక్కటే వాటిని విడదీసేది. అటుపక్క చిట్టి ఆకుల థైమూ మరువమూ అంతే.

ఆమె ఒక కప్పు తీసి ఆకు గిల్లింది. వేళ్ల మధ్య నలిపి ముక్కుకు ఆనించుకుని, ఏడు నెలలుగా రోజూ చేస్తున్నట్టే, ఈ ఒక్కసారికైనా అని లోపల మొక్కుకుని పీల్చింది. చల్లటి గాలి లోపలికి వెళ్లింది. అంతే. గాలికి ఏ పేరూ లేదు. 

“కొత్తిమీర,” అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆకు వసపిట్ట చేతికిచ్చింది. వసపిట్ట పీల్చి కళ్లు మూసుకుంది. “కొత్తిమీరే! అబ్బ, లేత వాసన!” బాబాయ్ తల ఊపాడు. మేస్త్రి కూడా ఒకసారి పీల్చి, “కొత్తిమీరకేం, అదే,” అన్నాడు.

వంటక్క గుండె కుదుటపడింది. తగిలింది! ఇంకోటి తీసింది. “సెలరీ.” సెలరీయే అన్నారు. “పార్స్‌లీ.” పార్స్‌లీయే అన్నారు. వరసగా పద్నాలుగు చెబితే పద్నాలుగూ ఒప్పే. ముక్కు పోయినా ఇన్నేళ్ల అనుభవం కళ్లలో కూర్చుని ఉంటుంది కాబోలని ఆమెకు ఆశ పుట్టింది. ఇలాగే ఇంకో ఆరేళ్లు లాక్కొస్తే పదవీ విరమణ వచ్చేస్తుంది, అప్పుడు ముక్కుందో లేదో ఎవరికి కావాలి? చాలా రోజుల తర్వాత ఆమె నడుం కాస్త నిటారుగా అయింది. మగ్గులో నీళ్లయిపోతే బాబాయ్ లోపలికి వెళ్లి తెచ్చాడు. మేస్త్రి ఇటుక చుట్టు పక్కన మోకాళ్లేసి, ఒక్కో గుంట తీసి, ఒక్కో మొక్కను కప్పులోంచి తలకిందులుగా తట్టి దించి, మట్టి అదుముతూ పోయాడు.

అంచు పగిలిన కప్పు ఒకటి చేతికొచ్చింది. ఆకు నలిపి, “పార్స్‌లీ,” అంది. వసపిట్ట పీల్చింది. “అవును, పార్స్‌లీ. ఎంత బాగుందో.” బాబాయ్ ఊఁ అన్నాడు.

కప్పు మేస్త్రికి అందించబోతూ వంటక్క చెయ్యి ఆగింది. ఈ పగిలిన అంచు తన బొటనవేలికి ఇందాకే గీసుకుంది. ఆకు గిల్లిన చోట ఇంకా పచ్చిగా ఉంది. నాటాల్సిన కప్పుల్లోకి పోవాల్సింది పొరపాటున మళ్లీ ఈ పక్కకు వచ్చింది. ఇందాక దీన్ని ఆమె కొత్తిమీర అంది. వాళ్లూ కొత్తిమీర అన్నారు. లేత వాసన అని మెచ్చుకున్నారు కూడా.

ఒకసారికి పొరపాటు కావచ్చు అనుకుంది. ఇటుకల గుట్ట సందులోంచి ఒక పిచ్చిమొక్కను పీకింది. కాలవ గట్టున ఎక్కడపడితే అక్కడ మొలిచేది, పశువు కూడా మూతి పెట్టనిది. రెండు ఆకులు తుంచి, నలిపి, తాపీగా పీల్చి, “మరువం. మంచి రకం,” అంది.

వసపిట్ట అందుకుని గుండెనిండా పీల్చింది. “అబ్బబ్బ, ఏం ఘుమఘుమ! దీనివి సూపులో రెండాకులు వేస్తే చాలక్కా.”

“మా అమ్మ పెరట్లో ఉండేది ఇదే. చిన్నప్పటి వాసన. ఎన్నాళ్లయిందో,” అన్నాడు మేస్త్రి. అన్నవాడి కళ్లు నిజంగానే తడి అయ్యాయి. బాబాయ్ రెండోసారి అడిగి మరీ పీల్చాడు.

తానా అంటే తందానా. వాళ్లు అబద్ధమాడటం లేదు, అదే భయం. నిజంగానే వాళ్లకు మరువం వాసన వచ్చింది. ఆమె మరువం అంది కాబట్టి వచ్చింది. వంటక్క వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. వాళ్లు ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు గానీ, చూపు మాత్రం తన మొహం మీదే ఉంది. ఇన్నేళ్లూ అంతే. గిన్నె మూత తీస్తే వాళ్లు ఆవిరిని కాదు, తనని చూసేవాళ్లు. ఈ వంటగదికి ముక్కు ఒక్కటే ఉంది, అది తనది, అది పోయి ఏడు నెలలైంది. మరి ఈ ఏడు నెలలూ ఆ నూట ఇరవై మంచాలకు వెళ్లిన పాలు ఎవరు వాసన చూశారు? మాంసం ఎవరు చూశారు? ఇన్నాళ్లూ తాను మోసం చేస్తోంది తన పని వరకే అనుకుంది. గాలిలో దీపం పెట్టి పడుకున్నానని ఇప్పుడే తెలిసింది.

“అది పిచ్చిమొక్కే,” అంది.

“ఏది?”

“మీరు పీల్చింది. మరువం కాదు, మట్టీ కాదు. ఇటుకల్లోంచి పీకాను. నాకు వాసన తెలియదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియదు.”

ముగ్గురూ పకపకా నవ్వారు. వసపిట్ట అయితే డబ్బా పట్టుకుని మరీ నవ్వింది. “చూశారా మా అక్క! మమ్మల్ని పరీక్ష పెడుతోంది!”

వంటక్క నవ్వలేదు. ఆమె మొహం చూసి నవ్వు ఒక్కొక్కరికీ ఆగింది. మేస్త్రి చేతిలో ఉన్న ఆకును మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పీల్చాడు. “దీనికి వాసనే లేదమ్మా,” అన్నాడు చిన్నగా. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో తప్పు చేసినవాడి బెరుకు వినిపించింది. బాబాయ్ మగ్గు తీసుకుని, నీళ్లు నిండుగానే ఉన్నా, నీళ్ల కోసమని లోపలికి వెళ్లిపోయాడు.

“ఏడు నెలలా?” అంది వసపిట్ట. “మరి నాతో... పక్క వాటాలో ఉంటున్నాను కదక్కా. ఒకే బస్సులో వస్తున్నాం.”

“నీతో చెబితే నీకే ఇస్తారు కదే ఈ పని.” ఆ మాట అంత సూటిగా వస్తుందని వంటక్క కూడా అనుకోలేదు. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకునే ఓపిక లేకపోయింది.

వసపిట్ట మొహం మాడిపోయింది. “నీ గరిటె కోసం కాచుకుని కూర్చున్నానా నేను?” అంది.

“లేదు. నేనే కాపలా కాస్తున్నాను. ఇంక నా వల్ల కావడం లేదే.” వంటక్క డబ్బాను వెనక్కి తిప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. “రా. నాటినవన్నీ మళ్లీ చూడు. నువ్వే చూడు, నా మొహం చూడకు.”

“నాకు తెలియదక్కా.”

“ముక్కుంది కదా. పీల్చు.”

మొదటి మొక్క దగ్గర వసపిట్ట ఎంతసేపు వంగి ఉందో. “కొత్తిమీరేనా?” అంది. గోడ పలకలేదు. “కాదేమో. సెలరీలా ఉంది.” గోడ పలకలేదు. మళ్లీ పీల్చిన చప్పుడు. “సెలరీయే,” అంది వసపిట్ట, ఈసారి అడగడం లేదు. రెండోది త్వరగా తేలింది. మూడోది ఇంకా త్వరగా. “ఇది పార్స్‌లీ. ఇది కొత్తిమీర, అసలు కొత్తిమీర! అక్కా, ఎంత తేడా ఉందో, దీన్ని పట్టుకుని దాన్ని అదేననడానికి సిగ్గు లేకపోయింది నాకు.” థైమ్ మధ్యలో మరువం నాలుగు మొక్కలు దొరికాయి. మొత్తం పదమూడు తప్పులు తేలాయి. నీళ్లు తాగే సెలరీ ఎండలో పైచుట్టు మీద కూర్చుని అప్పుడే తల వాల్చేసింది.

మేస్త్రి ఒక్క మాట అనకుండా అదిమిన మట్టిని మళ్లీ తవ్వాడు. ఒక్కసారి నాటడానికే తలప్రాణం తోకకొచ్చింది, ఇప్పుడు పీకి నాటడం. వంటక్క గోడ వైపే కూర్చుని వింటోంది. తాపీ గీరిన చప్పుడు, మట్టి పడిన చప్పుడు, వసపిట్ట ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు. తను చెప్పేసింది. బరువు దిగినట్టుగా ఉంటుందని ఎక్కడో విన్నది. అలాంటిదేమీ లేదు, ఉత్త నిద్ర ముంచుకొస్తోంది.

“అక్కా,” అంది వసపిట్ట ఉన్నట్టుండి. “ఏదో మాడుతోంది.”

వంటక్క లేచేసరికి వసపిట్ట వాకిలి దాటేసింది. వంటగదిలో పొగ పెద్దగా లేదు. సూపు పైకి చూస్తే బంగారంలా ఉంది. గరిటె అడుగు దాకా పోనిచ్చి లేపితే నల్లటి పొర చెక్కులు చెక్కులుగా పైకి తేలింది. బాబాయ్ పక్కనే కుళాయి దగ్గర మగ్గు పట్టుకుని నిలబడ్డాడు. ఈ పూట ఆయన ఆ పొయ్యి పక్క నుంచి నాలుగుసార్లు తిరిగాడు.

“వాసన వచ్చింది,” అన్నాడు ఆయన. “వచ్చిందమ్మా. కానీ మీరు ఏమీ అనలేదు కదా, ఏమీ కాదనుకున్నాను.”

వసపిట్ట పొయ్యి ఆర్పింది. గరిటె అలాగే పట్టుకుని నిలబడి ఏడుపు మొదలుపెట్టింది. “ఇదే మొదటిసారా అక్కా? ఇంతకుముందు కూడా మాడిందా? మాడిందే పెట్టామా వాళ్లకి?”

“నన్నడిగితే నాకెలా తెలుస్తుందే?”

ఉప్పు లేక వదిలేశారని డైట్ మేడమ్ లెక్కరాసుకున్న పళ్లేలు ముగ్గురికీ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని ఉప్పు లేక వదిలినవో, ఎన్ని మాడినందుకు వదిలినవో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మంచం మీద పడి ఉన్న మనిషి, ఆస్పత్రి తిండి ఇంతేలే అనుకుని పళ్లెం పక్కకు జరిపి ఉంటాడు.

ఆరింటికి ట్రాలీలు కదలాలి. ఏడుస్తూ కూర్చుంటే కుదరదు. మాడిన గిన్నె తొట్టిలో పడింది, ఇంకో గిన్నె ఎక్కింది. వసపిట్ట పొయ్యి దగ్గర నిలబడింది, వంటక్క పక్కన బల్ల మీద క్యారట్లు తరిగింది. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా కత్తి చేతిలో బాగానే ఆడింది. పోనీలే, ఇలా కూడా బతకొచ్చు, అదే గది, అవే గోడలు, నాలుగడుగులు ఇవతల, అంతే కదా అని ఆమె తనకు తానే నచ్చజెప్పుకుంది. ఇంతకాలం భయపడింది దీనికేనా అని కూడా అనుకుంది.

సూపు తెర్లింది. వసపిట్ట మూత తీసి వంగి పీల్చింది. పీల్చి, తల ఎత్తి, వంటక్క మొహం చూసింది.

“సరిపోయిందా అక్కా?”

“నన్నెందుకడుగుతావే?”

“అలవాటక్కా.” వసపిట్ట నాలుక కరుచుకుని మళ్లీ వంగింది. మళ్లీ పీల్చింది. మళ్లీ తల ఎత్తింది. అడగలేదు గానీ, కళ్లు వచ్చి వంటక్క మొహం మీదే ఆగాయి. అటు తొట్టి దగ్గర్నుంచి బాబాయ్ కూడా వంటక్కనే చూస్తున్నాడు. ఆమె కనుబొమ ఎటు కదిలితే అటు వాళ్ల ముక్కులు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. వాళ్ల తప్పేముంది, అలా పెంచింది తనే. ఎవరైనా ఎదురు చెబితే ముక్కు మీద కోపంతో నోరు మూయించి, నేను చెప్పాను కదా అని ఇన్నేళ్లూ తలెగరేసింది తనే.

వంటక్క కత్తి కడిగి బల్ల మీద పెట్టింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది.

“ఎక్కడికక్కా?” అంది వసపిట్ట గాబరాగా. “పైకా? ఈ పూటకి వద్దు. రేపు ఇద్దరం కలిసి వెళ్లి చెబుదాం.”

“రేపటికి నాకు మనసు మారుతుంది. నా సంగతి నాకు తెలుసు. సూపు చూసుకో.”

రెండు అంతస్తులు. ప్రతి మలుపు దగ్గరా ఆగి మోకాలు పట్టుకుంది. డైట్ మేడమ్ గదిలో కాగితాల మధ్య తల వంచుకుని ఉంది. కుర్చీ చూపించింది. వంటక్క కూర్చోకుండానే మొదలుపెట్టి, జ్వరం దగ్గర్నుంచి మాడిన సూపు దాకా వరసగా చెప్పేసింది. చెబుతుంటే తన మాటలు తనకే ఎవరి సంగతో చెబుతున్నట్టు వినిపించాయి. డైట్ మేడమ్ కలం మూత పెట్టింది. కోప్పడుతుందని వంటక్క ఎదురుచూసింది, కోప్పడితే బాగుండుననుకుంది కూడా.

“చెక్ చేయాల్సింది నేను కదా,” అంది ఆవిడ. “మీరున్నారని ఏ రోజూ కిందికి దిగలేదు.” తర్వాత కళ్లు నులుముకుంది. “సరే. రేపు పొద్దున్నే చెవి ముక్కు డాక్టరుకి చూపించండి, నేను చెబుతాను. పొయ్యి దగ్గర ఎవరుంటారు మరి?”

“మా తోడికోడలు.”

“మంచిది. మీరెక్కడికీ వెళ్లొద్దక్కా. తరిగే బల్ల దగ్గర కూర్చోండి. ఆవిడకి పక్కన ధైర్యంగా ఉంటుంది.”

అంత దయ ఆమె ఆశించలేదు. రోజూ దేనికి భయపడి చచ్చిందో ఆ బల్లనే ఇప్పుడు చేతిలో పెడుతున్నారు, అదీ గౌరవంగా. అవునని తల ఊపితే చాలు. రేపు కూడా అదే బస్సు, అదే వాకిలి, అదే ఆవిరి. వంటక్క కుర్చీని మళ్లీ టేబుల్ కిందికి తోసేసింది.

“వద్దు మేడమ్. నన్ను ఆ గదిలో ఉంచొద్దు. బట్టల సెక్షన్‌లో వేయండి, లేదా స్టోరులో. ఎక్కడైనా సరే.”

“ఎందుకు? ఆవిడకి వంట రాదా?”

“వచ్చు,” అంది వంటక్క. “నేను ఎదురుగా లేకపోతే వచ్చు.”